అవసరం లేనివి కొనేయడం, చేజారే డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

జీతం పడిన పది రోజులకే ఖాతా ఖాళీ అవుతుంది. ఏం కొన్నామా అని వెనక్కి చూసుకుంటే పెద్ద వస్తువేదీ కనపడదు. ఈ పేజీ అలాంటి వాళ్ల కోసం. బడ్జెట్ పట్టికలు ఎలా గీసుకోవాలో ఇందులో పెద్దగా ఉండదు. కొనాలనిపించిన క్షణానికీ డబ్బు కట్టిన క్షణానికీ మధ్య ఏం జరుగుతుంది, అక్కడ మనం ఏం చేయగలం అన్నదే ఎక్కువ.

అనుకోకుండా కొన్నదల్లా దుబారాయేనా?

కాదు. హాకిన్స్ స్టెర్న్ 1962లో రాసిన ఒక మార్కెటింగ్ వ్యాసంలో ఇలాంటి కొనుగోళ్లను నాలుగు రకాలుగా విడదీశాడు. ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఏ ఆలోచనా లేకుండా చూడగానే మనసు పడి కొనేయడం ఒకటి. షాపులో బల్బులు కనపడగానే ఇంట్లో మాడిపోయిన బల్బు గుర్తొచ్చి కొనడం రెండోది. అలాంటి వస్తువు ఉందనే అప్పటిదాకా తెలియదు, చూశాక మాత్రం ‘ఇది మనకు పనికొస్తుంది’ అనిపిస్తుంది, అది మూడోది. ఏం కొనాలో తేల్చుకోకుండా ‘మంచి ఆఫర్ ఉంటే చూద్దాం’ అని బయల్దేరడం నాలుగోది.

రెండో రకంతో పేచీ లేదు, అది జాబితాలో రాయడం మరిచిపోయిన అవసరం, అంతే. మొదటి రకాన్ని అందరూ తిడతారు కానీ, నా దృష్టిలో అసలు ప్రమాదం మూడోది. మొదటి రకంలో తొందరపడ్డామని మనకే తెలుస్తుంది. మూడోదానికి మాత్రం కారణాలు మనమే అల్లుకుంటాం. ఆరోగ్యానికి మంచిదని, టైమ్ కలిసొస్తుందని, పిల్లలకు ఉపయోగమని. అందుకే అది ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్నా దుబారా అని ఒప్పుకోం.

నాకు నిగ్రహం తక్కువ. అందుకే ఇలా జరుగుతోందా?

నిగ్రహం ఎంతున్నా, ఎదురుగా పనిచేస్తున్న ఏర్పాటు చిన్నది కాదు. అమెరికాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ అనే మాల్‌కి రూపకల్పన చేసింది విక్టర్ గ్రూయెన్. ఏదో ఒక్కటి కొందామని లోపలికి వెళ్లిన మనిషి, ఆ వెలుగులూ వరసలూ చూస్తూ వచ్చిన పని మరిచిపోయి తిరగడం మొదలుపెడతాడు కదా, ఆ స్థితికి ‘గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్’ అని ఆయన పేరే స్థిరపడింది. తమాషా ఏమిటంటే, ఆ మాల్స్ తర్వాత ఎలా తయారయ్యాయో చూసి ఆయనే చిరాకుపడ్డాడు. పెద్ద షాపుల్లో తరచూ కావలసినవి లోపలి చివరన ఉండటం, చూడగానే చెయ్యి పోయేవి బిల్లు కౌంటర్ పక్కన ఉండటం ఊరికే జరిగేది కాదు.

ఫోన్లో ఆ నడక కూడా లేదు. ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి అమెజాన్ 1999లో పేటెంట్ తీసుకుంది. 2017లో దాని గడువు తీరింది. చిరునామా రాయడం, కార్డు నంబరు కొట్టడం అనే రెండు చిన్న పనులు తీసేయడానికి పేటెంట్ దాకా వెళ్లారంటే, ఆ రెండు పనుల దగ్గర ఎంతమంది ఆగిపోతారో వాళ్లకు తెలుసన్నమాట. మనం చేయాల్సింది ఆ అడ్డాలను మళ్లీ మనంతట మనం పెట్టుకోవడం. కింద చెప్పిన వాటిలో చాలావరకు అదే పని రకరకాలుగా చేస్తాయి.

సరే, కొనే ముందు ఎంతసేపు ఆగాలి?

ఒక రోజు అంటారు, ముప్ఫై రోజులు అంటారు. ఏదైనా ఫర్వాలేదు, అయితే ముందే నిర్ణయించుకుని ఉండాలి. నేను పాటించేది ఇది: మామూలు వస్తువుకు ఒక రాత్రి, ఖరీదు ఎక్కువనిపిస్తే వారం, వారం సంపాదన దాటేదైతే నెల. ఇంట్లో పాడైపోయిన అవసరమైన వస్తువుకు ఇది వర్తించదు. పొయ్యి చెడిపోతే నెల రోజులు ఆగమని ఎవరూ చెప్పరు.

ఆగడం అంటే మనసులో ఆగడం కాదు, రాసి ఆగడం. ఒక చీటీ పెట్టుకోండి, ఫోన్లో నోట్ అయినా సరే. వస్తువు పేరు, ఆ రోజు ధర, తేదీ, ఎక్కడ చూశారు అన్నవి రాయండి. వీటికి తోడు అప్పుడు మీరు ఏం చేస్తున్నారో కూడా ఒక ముక్క రాయండి. ‘ఆఫీసులో గొడవ, ఇంటికొస్తూ బస్సులో’ అని. రెండు నెలలు గడిచాక ఆ చివరి ముక్కలే మీ గురించి ఎక్కువ చెబుతాయి. నా చీటీలో సగానికి పైగా ఎందుకు రాశానో నాకే గుర్తుండదు. మిగిలినవి మాత్రం గడువు అయ్యాక మనశ్శాంతిగా కొనుక్కుంటాను.

ఇది పనిచేయడానికి కారణం ఉంది. కోరిక వేడి మీద ఉన్నప్పుడు, చల్లబడ్డాక మన మనసు ఎలా ఉంటుందో ఊహించలేం. ఆర్థికవేత్త జార్జ్ లోవెన్‌స్టైన్ ఈ తేడా మీద చాలా పని చేశారు. ఆ వేడిలో ‘ఇది నాకు ఎప్పటికీ కావాలి’ అని నిజంగానే అనిపిస్తుంది. అబద్ధమేమీ కాదు, రేపటికి నిలవదు అంతే.

ఒక జాగ్రత్త. షాపింగ్ యాప్‌లోని కార్ట్‌ను చీటీగా వాడకండి. కార్ట్ ఊరుకోదు, ‘మీ వస్తువు మీ కోసం ఎదురుచూస్తోంది’ అని రోజూ గుర్తుచేస్తుంది. మీరు చల్లబడటానికి పెట్టుకున్న చోటే వాళ్లు మంట వేస్తూ ఉంటారు.

ఈలోగా ఆఫర్ అయిపోతే నష్టం కదా?

40 శాతం తగ్గింపులో అక్కర్లేని వస్తువు కొంటే 40 మిగల్లేదు, 60 పోయాయి. ఈ లెక్క అందరికీ తెలుసు. తెలిసినా పని చేయదు, ఎందుకంటే కొట్టేసిన పాత ధర కళ్లముందే ఉంటుంది. మొదట కనపడిన అంకె మన అంచనాను తనవైపు లాక్కుంటుందని ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వవేత్తలు 1974లో చూపించారు. అందుకే కొట్టేసిన ధరను చేత్తో మూసి, కింది ధర ఒక్కటే చూడండి. ‘తగ్గింపు అనే మాట లేకుండా ఈ ధరకు ఇది నేను వెతుక్కుంటూ వెళ్లి కొంటానా?’ అని అడగండి.

గడియారం వెనక్కి తిరుగుతుండటం, ‘ఇక రెండే మిగిలాయి’, ‘ఇప్పుడే ఇంకొకరు కొన్నారు’ లాంటివి ఉన్నాయే, వీటిలో కొన్ని నిజం, కొన్ని తొందరపెట్టడానికి పెట్టినవి. ఇలా మనిషిని తనకు తెలియకుండా నెట్టే డిజైన్లకు హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైన్ నిపుణుడు 2010లో ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టారు. పేజీ మూసి మళ్లీ తెరిస్తే గడియారం మొదటి నుంచి మొదలైందంటే సంగతి అర్థమైనట్టే. చీటీలో ధర రాసుకోవడం వల్ల ఇంకో లాభం ఇక్కడే ఉంది. పెద్ద సేల్‌కు నెల ముందు ఉన్న ధర మీ దగ్గర ఉంటుంది కాబట్టి, తగ్గింది ధరా, లేక పెంచి తగ్గించారా అన్నది మీకే తెలుస్తుంది.

నిజమైన ఆఫర్ కూడా చేజారుతుంది ఒక్కోసారి. చేజారనివ్వండి. ఏడాదిలో అలా పోగొట్టుకున్నది ఎంతో, ఆగడం వల్ల కొనకుండా మిగిలింది ఎంతో ఒకసారి పక్కపక్కన రాసి చూసుకుంటే ఇక టెన్షన్ ఉండదు.

నగదు వాడితే ఖర్చు తగ్గుతుందంటారు. నిజమేనా?

చాలావరకు నిజం. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు, బాస్కెట్‌బాల్ టికెట్లను వేలం వేసి చూశారు. నగదు కట్టాలని కొందరికి, కార్డుతో కట్టాలని కొందరికి చెప్పారు. కార్డు వాళ్లు పాడిన పాట సగటున దాదాపు రెట్టింపు. 2001లో అచ్చయిన పరిశోధన ఇది. నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు చేతికి తెలిసే నొప్పి, కార్డు తాకించినప్పుడు తెలియదు.

అలాగని అన్నింటికీ నగదు పట్టుకు తిరగడం ఈ రోజుల్లో అయ్యే పని కాదు. దానికి దగ్గరగా ఉండేది ఇంకోటి చేయవచ్చు. సరదా ఖర్చులకు వేరే ఖాతా పెట్టుకుని, వారానికి ఒకసారి అందులోకి ఇంత అని పంపండి. షాపింగ్ యాప్‌లకు ఆ ఖాతా మాత్రమే తెలియాలి. ఫోన్లో, బ్రౌజర్లో దాచిన కార్డు వివరాలు తీసేయండి. కార్డు ఇంకో గదిలో ఉందంటే, రాత్రి పదకొండు గంటలకు లేచి వెళ్లి తేవాలన్న బద్ధకమే చాలా డబ్బు కాపాడుతుంది. బద్ధకం మంచి గుణమని నేను అనే సందర్భం ఇదొక్కటే.

నెలనెలా కొంచెం కొంచెం కడితే భారం తెలియదు కదా?

చిక్కంతా అదే, భారం తెలియకపోవడం. ఒక్కో వాయిదా చిన్నదే, కానీ ఐదు వస్తువుల వాయిదాలు కలిస్తే రాబోయే నెలల జీతాన్ని ముందే పంచిపెట్టేసినట్టు. కొత్తది తీసుకునే ముందు ఇప్పటికే నడుస్తున్న వాయిదాలన్నీ ఒకచోట కూడి చూడండి.

క్రెడిట్ కార్డు బాకీ మోస్తూ పోతే ఇంకా ఘోరం. నెలకు 3 శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ కలిసి అది 42 శాతం దాటుతుంది. కనీస మొత్తం మాత్రమే కడుతూ ఉంటే అసలు కదలదు. ‘వడ్డీ లేదు’ అన్న చోట కూడా ప్రాసెసింగ్ ఫీజు ఉందా, ఒకేసారి కడితే ఏమైనా తగ్గుతుందా అని అడగాలి.

చిన్న చిన్న ఖర్చులు ఆపేస్తే నిజంగా ఏమైనా మిగులుతుందా?

కొంత మిగులుతుంది. కానీ రోజుకొకసారి దొరికే చిన్న సంతోషాన్ని కోసేసి, నెలనెలా తనంతట తానే కట్ అవుతున్నవాటిని వదిలేయడం తిరగేసిన పని. చూడని వీడియో చందా, వెళ్లని జిమ్, వాడని క్లౌడ్ స్టోరేజీ, ఉచిత ట్రయల్ అని మొదలై డబ్బు లాగుతున్న యాప్. వీటిని ఒక్కసారి రద్దు చేస్తే చాలు, రోజూ మనసును అదుపు చేసుకోనక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌ను మూడు నెలలది తీసుకుని, ఒకే పేరు మూడుసార్లు కనపడ్డ చోటల్లా గీత గీయండి. ఏడాదికొకసారి కట్టేవి దీనికి దొరకవు, వాటి కోసం పన్నెండు నెలల వెనక్కి వెళ్లాలి.

ఒకటి కొంటే దానికి తోడు ఇంకోటి, ఇంకోటి కొనాల్సి వస్తోంది. ఎక్కడ ఆపాలి?

దీనికి రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. ఫ్రెంచ్ రచయిత డెనీ దిదెరో 1769లో తన పాత అంగీ పోయినందుకు వగచి ఒక వ్యాసం రాశాడు. ఆయనకు ఎర్రటి కొత్త అంగీ ఒకటి వచ్చింది. అంత అందమైన అంగీ పక్కన గదిలోని పాత కుర్చీ వెలవెలబోయింది. కుర్చీ మారింది, బల్ల మారింది, గోడమీది బొమ్మలు మారాయి. పాత అంగీకి తానే యజమాని అనీ, కొత్తదానికి బానిసనయ్యాననీ వాపోయాడు. ఇలా ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి రావడానికి గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త 1988లో దిదెరో పేరే పెట్టాడు.

కొత్త ఫోన్‌కు కవరు, కవరు తర్వాత ఇయర్‌ఫోన్లు, ఆపైన గడియారం. ఇల్లు మారినప్పుడు, కొత్త హాబీ మొదలైనప్పుడు ఇది మరీ ఎక్కువ. నా సంగతే చెబుతాను. ఒకరోజు తెల్లవారుజామున రెండింటికి నిద్రపట్టక పెద్ద రంగుల పెట్టె ఆర్డర్ చేశాను. తర్వాత కుంచెలు, మంచి కాగితం, స్టాండు. మొత్తం నేను వేసిన బొమ్మలు రెండు. చాలా రోజుల తర్వాత అర్థమైంది, నేను కొన్నది రంగులు కాదు, తీరిగ్గా కూర్చుని బొమ్మలు వేసుకునే ఒక మనిషిని. ఆ మనిషి డబ్బా తెరిస్తే రాడు.

అందుకే హాబీ విషయంలో నా నియమం: అరువు తెచ్చుకున్న, లేదా అన్నింటికన్నా చవకైన సామానుతో పదిసార్లు చేయాలి, పదకొండోసారికి మంచిది కొనుక్కోవచ్చు. ఇంటి వస్తువైతే, కొనే ముందే ‘దీనికి తోడు ఏమేం కావాల్సి వస్తాయి’ అని రాసి, ఆ మొత్తాన్నే దాని అసలు ధర అనుకోవాలి.

మనసు బాగోనప్పుడు ఏదైనా కొంటే తేలిగ్గా ఉంటుంది. అది తప్పా?

తప్పేం కాదు, కాకపోతే ఎక్కువసేపు ఉండదు. మనిషి కొత్త సుఖానికి చప్పున అలవాటు పడిపోతాడు. మనస్తత్వ శాస్త్రంలో దీని మీద 1971 నుంచే చర్చ ఉంది. చాలామందికి పార్సిల్ కోసం ఎదురుచూసిన రోజుల్లో ఉన్న హుషారు, విప్పిన మర్నాడు ఉండదు.

‘ఇకపై బాధలో ఉన్నప్పుడు కొనను’ అనుకుంటే సరిపోదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఫలానా అయితే ఫలానా చేస్తాను అని కట్టుదిట్టంగా అనుకున్నవే ఎక్కువగా నిలుస్తాయి. ‘రాత్రి పది దాటాక షాపింగ్ యాప్ తెరిస్తే, ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి స్నానానికి వెళ్తాను’ అన్నట్టు. చీటీలో మీరు రాసుకున్న చివరి ముక్కలు ఇక్కడ అక్కరకొస్తాయి. అలసటా, ఒంటరితనమా, ఎవరితోనో పోల్చుకోవడమా అన్నది అవి చూపిస్తాయి. నోటిఫికేషన్లు ఎలాగూ ఆపేయాలి, అది వేరే చెప్పనక్కర్లేదు.

ఖర్చులు రాయడం మొదలుపెట్టి నాలుగు రోజులకే మానేస్తాను. ఏం చేయాలి?

అన్నీ రాయడం వల్లే మానేస్తున్నారు. జపాన్‌లో హనీ మొటోకో అనే పాత్రికేయురాలు 1904లో ‘కకేబో’ అనే ఇంటి పద్దుల పుస్తకాన్ని తెచ్చారు. చేత్తో రాస్తే ఖర్చు కళ్లకు కడుతుందన్నది దాని వెనక ఉన్న ఆలోచన. పూర్తిగా రాయగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది. రాయలేకపోతే అద్దె, కరెంటు, ఫీజులు వదిలేసి, ముందు అనుకోకుండా కొన్నవి మాత్రమే రాయండి. నెల తర్వాత ఒక్కోదాని పక్కన ‘మళ్లీ కొంటానా?’ అన్న ప్రశ్నకు అవును, కాదు అని పెట్టండి. కాదు అన్నవాటి మొత్తమే మీ దుబారా. ఆ అంకె మీ నోటితో మీరు చెప్పుకున్నది కాబట్టి దానితో వాదించలేరు.

ఇంట్లో నేనొక్కణ్ణే జాగ్రత్తపడితే లాభమేంటి? మా ఆవిడ కొంటూనే ఉంటుంది.

ఇదే ప్రశ్న ‘మా ఆయన’ అని కూడా అంతే తరచుగా వస్తుంది. ఎదుటివాళ్ల పార్సిల్ వచ్చినప్పుడు గొడవపడితే కొనడం ఆగదు, దాచడం మొదలవుతుంది. ఇద్దరికీ సమానంగా కొంత సొమ్ము విడిగా ఉండాలి. దాంతో ఏం కొన్నారని ఒకరినొకరు అడగకూడదు, మొహం కూడా మాడ్చకూడదు. ఆ సొమ్ము దాటే కొనుగోలు ఏదైనా ఇద్దరూ మాట్లాడుకున్నాకే. హద్దు ఎంతన్నది ఎవరింటికి వాళ్లు తేల్చుకోవాలి.

ఇంకో మాట. మీకు దుబారా అనిపించేది అవతలి మనిషికి ఇష్టం కావచ్చు. మీ వైపు నుంచి కూడా అలాంటివి రెండు మూడు తేలతాయి, ముందు వాటిని చెప్పి మాట మొదలుపెడితే సంభాషణ సాఫీగా సాగుతుంది.

కొనేశాను. ఇప్పుడు బాధగా ఉంది.

వెనక్కి ఇవ్వగలిగితే ఈరోజే ఇచ్చేయండి, రేపటికి వాయిదా వేయకండి. మన చేతికి వచ్చిన వస్తువు విలువ మన కంట్లో పెరిగిపోతుంది, రోజులు గడిచేకొద్దీ వదలబుద్ధి కాదు. ట్యాగు కత్తిరించకుండా, పెట్టె పారేయకుండా గడువు తేదీ పెట్టె మీదే రాసి గుమ్మం దగ్గర పెట్టండి. వెనక్కి తీసుకోరంటే అమ్మేయండి, లేదా కావలసినవాళ్లకు ఇచ్చేయండి. ‘ఇంత పెట్టి కొన్నాం కదా’ అని ఇష్టం లేనిది వాడుతూ కూర్చుంటే పోయిన డబ్బు తిరిగిరాదు.

ఇది అలవాటు దాటి జబ్బు అయిందని ఎప్పుడు అనుకోవాలి?

కొన్నవి దాచిపెడుతున్నారా, పెట్టెలు విప్పకుండానే పేరుకుంటున్నాయా, అప్పు చేసి మరీ కొంటున్నారా, మానాలని గట్టిగా ప్రయత్నించి ఓడిపోతున్నారా? వీటికి అవును అయితే చీటీలు, నియమాలు సరిపోవు. జర్మన్ మానసిక వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 20వ శతాబ్దం మొదట్లోనే ఈ స్థితిని వర్ణించి ‘ఓనియోమేనియా’ అన్నాడు. దిగులు జబ్బుతో కలిసి ఇది రావచ్చు. మనసు అతి హుషారుకూ తీవ్రమైన దిగులుకూ మధ్య ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు, ఆ హుషారు ఉధృతంగా ఉన్న దశలో విపరీతంగా ఖర్చు పెట్టడం ఒక లక్షణం. మానసిక వైద్యుడిని కలవడంలో నామోషీ ఏమీ లేదు, ఆలోచనా విధానాన్ని మార్చే థెరపీతో చాలామందికి మేలు జరుగుతుంది. చికిత్స సాగేంతవరకు కార్డులు, ఖాతాలు నమ్మకమైన మనిషి చేతిలో పెట్టడం మంచిది.

కొనకుండా ఆగాను, కానీ నెలాఖరుకు ఆ డబ్బు కూడా కనపడటం లేదు. ఎక్కడికి పోయింది?

అదే ఖాతాలో ఉండిపోయింది కాబట్టి ఇంకో దానికి పోయింది. చీటీలోంచి ఒక వస్తువును కొట్టేసిన వెంటనే, ఆ నిమిషంలోనే, దాని ధర మొత్తాన్నో సగాన్నో వేరే ఖాతాకు పంపండి. ఆ ఖాతాకు కార్డు ఉండకూడదు, యాప్ మీ ఫోన్లో ఉండకూడదు. ఏ వస్తువు మానేసి పంపారో వివరం రాసే చోట దాని పేరు రాయండి. నా ఖాతా స్టేట్‌మెంటులో ఇప్పుడు ‘రెండో రంగుల పెట్టె’ అని ఒక వరస ఉంది.